యేసుపాదం పారా దిగిన సాయంత్రం

గుండ్లవాగు అవుట్‌పోస్టు మూసేసే రోజున కానిస్టేబుల్ హరితకు మిగిలిన పని పెద్దదేం కాదు. సామాను వ్యాను ఎక్కేదాకా చూడటం, తాళం వేయడం, ఇంటికి పోవడం. చీకటి ముదిరేలోపు మాచర్లలో ఉంటానని కూతురు భవితకు మాటిచ్చింది. మాట తప్పితే ఆఫీసర్లకు సంజాయిషీ ఇచ్చుకోవడం తేలికే గాని నాలుగేళ్ళ పిల్లకు ఇచ్చుకోవడం కష్టం.

ఆ రోజు పోలీసు అమరవీరుల దినం. పొద్దున నరసరావుపేటలో పరేడ్ జరిగింది. స్తూపం దగ్గర పూలు పెట్టారు, చనిపోయినవాళ్ళ పేర్లు మైకులో చదివారు, తుపాకులు తలకిందులు చేసి నిలబడ్డారు. ఈ అవుట్‌పోస్టులో డ్యూటీ మీదుండగా చనిపోయిన కానిస్టేబుల్ యేసుపాదం పేరు కూడా చదివారు. మధ్యాహ్నానికి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. సర్కారు జ్ఞాపకం అంతవరకే. అంతకు మించితే పనులు సాగవు.

"ఈ బల్లుల్ని కూడా ఎక్కించమంటావా హరితమ్మా? గవర్నమెంటు ఆస్తే గదా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ మక్బూల్, వ్యానుకు తాడు బిగిస్తూ.

"వాటికి మీకంటే సర్వీసెక్కువ హెడ్డుగారూ. ముందు సీట్లో కూర్చోబెట్టండి."

మక్బూల్ నవ్వి, దుప్పటిలో చుట్టిన యేసుపాదం ఫొటోను మాత్రం సామాన్లలో పెట్టకుండా చంకలో పెట్టుకున్నాడు. ఆ ఫొటోకి అవుట్‌పోస్టులో చానా మర్యాద ఉండేది. డ్యూటీ ఎక్కేవాళ్ళు దానికి దణ్ణం పెట్టేవాళ్ళు. ఒకరు కుంకుమ బొట్టు పెడితే, ఇంకొకరు అత్తరు చిలకరించేవాళ్ళు. ఏడాదికోసారి ఇదే రోజున యేసుపాదం తల్లి మణెమ్మ వచ్చి, కొంగుతో ఆ బొట్టు తుడిచి, కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన చేసి పోయేది. మర్నాడు మళ్ళీ ఎవరో బొట్టు పెట్టేవాళ్ళు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు.

"సామాను దించి అరగంటలో నీకోసం వస్తా," అని మక్బూల్ వ్యాను ఎక్కాడు. ఎక్కబోతూ ఆగి, గేటు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ ముసలామె వస్తుందేమో. వస్తే కూర్చోబెట్టు, మంచినీళ్ళియ్యి. ఏమన్నా అడిగితే మాత్రం నేనొచ్చేదాకా ఆగమను."

"ఏమడుగుతుంది?"

"ఆగమను, అంతే."

వ్యాను పోయింది. వాన మొదలైంది.

గేటు పక్కన నాపరాళ్ళతో కట్టిన పారా గది ఉంది, సెంట్రీ నిలబడి కాపలా కాసేది. అన్నలు అడవిలో తిరిగే రోజుల్లో కట్టింది. గది అనేది మర్యాదకే. మనిషి లోపల నిలబడితే భుజాలు రెండు గోడలకూ తగులుతాయి. ముందు వైపు కళ్ళ ఎత్తులో తుపాకీ గొట్టం పట్టేంత సందు. వెనక వైపు తలుపు లేని దారి. తడిసిన గోనెసంచుల వాసన, గబ్బిలాల వాసన, ఎప్పటివో బీడీల వాసన. ఫోను సిగ్నల్ అందులోకి రాదు.

యేసుపాదం పోయింది అందులోనే. ఎలక్షన్ల నాటి గొడవల్లో ఊళ్ళో రెండు పార్టీలవాళ్ళు నాటుబాంబులతో తిరగబడి, చివరికి అవుట్‌పోస్టు మీదికొచ్చారు. యేసుపాదాన్ని మార్చాల్సిన కానిస్టేబుల్ జీపులో ఎక్కడో ఇరుక్కుపోయాడు. లోపలికి రమ్మని తోటివాళ్ళు కేకేస్తే, రాలేనని చెయ్యి ఊపి అక్కడే నిలబడిపోయాడు. పారా అంటే అంతే మరి. కొత్తగా వచ్చినవాడు ఎదురుగా నిలబడి "పారా నాది, నువ్వెళ్ళు" అనాలి. అననిదే పాతవాడు కదలకూడదు. జ్వరమొచ్చినా, పిడుగు పడినా.

మణెమ్మ ఆటోలో వచ్చింది. తెల్లచీర, చేతిలో బైబిలు, సంచిలో చామంతి దండ, నల్ల గొడుగు. ఆటోవాణ్ణి రోడ్డు మీదే ఉండమని చెప్పి, వరండాలోకొచ్చి గోడ మీద ఖాళీ మేకును చూసింది.

"ఫొటో తీసుకుపోయారా?"

"కొత్త బిల్డింగులో పెడతారు పెద్దమ్మా. గాజు పలక వేసి, పెద్ద గదిలో."

"ఫొటో పోతే వాడు పోయినట్టా," అంది మణెమ్మ మామూలుగా.

పారా గదిలో రాతి గూటిలో కొవ్వొత్తి పెట్టి వెలిగించింది. దండ సందుకు వేలాడదీసింది. వాన చప్పుడులో ప్రార్థన సగం వినపడి సగం వినపడలేదు. హరిత తల మీద రుమాలు కప్పుకుని వెనకే నిలబడింది. ఆమెకు పెద్దగా నమ్మకాలు లేవు. గుళ్ళో గంట కొడుతుంది, దర్గాలో చాదర్ పట్టుకుంటుంది, చర్చిలో తల వంచుతుంది. పోలీసుకు అన్నీ బందోబస్తు డ్యూటీలే.

ప్రార్థన అయ్యాక మణెమ్మ లేవలేదు.

"అమ్మాయ్, రేపటి నుంచి ఇక్కడ మనిషనేవాడు ఉండడంట గదా."

"అవును పెద్దమ్మా."

"మావాణ్ణి పారా నుంచి ఎవరూ దింపలా. దింపకుండా కదిలే రకం కాదు వాడు. చిన్నప్పుడు బళ్ళో గంట కొట్టటం మరిచిపోతే చీకటి పడిందాకా బెంచీ మీదే కూర్చున్నాడు. నేను పోయి తెచ్చుకున్నా." మణెమ్మ చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "ఇక్కడికీ ఏటా వచ్చి పిలుస్తానే ఉన్నా, ఇంటికి రారా అని. యూనిఫాం లేనోళ్ళ మాట ఇక్కడ చెల్లదు."

హరిత ఒంగి ఆమె చెయ్యి పట్టుకుని లేపబోయింది.

"నువ్వొక్క మాట అను తల్లీ. మీరు మీరు అనుకునే మాటే."

"మక్బూల్ అన్నను అడగలేదా?"

"అడిగా. తౌబా తౌబా అని చెంపలేసుకుని పోయాడు. ఆడకూతురివి, నువ్వన్నా కాదనవని..."

మక్బూల్ ఆగమన్న సంగతి హరితకు గుర్తుంది. కాని ముసలామె మోకాళ్ళు తడి బండ మీద ఉన్నాయి. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. ఒక్క మాట. ఆ మాటతో తల్లికి మనశ్శాంతి, చనిపోయినవాడికి గౌరవం, తనకు ఇల్లు. ఇందులో ఆలోచించడానికి ఏముంది.

పారా గదిలోకి అడుగుపెట్టి, అలవాటు కొద్దీ మడమలు కలిపి, ఖాళీ గోడకు సెల్యూట్ చేసింది.

"అన్నా, పారా నాది. నువ్వెళ్ళు."

ఏమీ కాలేదు. కొవ్వొత్తి మంట మాత్రం ఒకసారి పక్కకు వాలి లేచింది. పక్కనుంచి మనిషి నడిచిపోతే వాలినట్టు.

మణెమ్మ థాంక్స్ చెప్పలేదు. హరిత వైపు చూడను కూడా చూడలేదు. బైబిలు రొమ్ముకు అదుముకుని, గొడుగు తెరిచి, గేటు దాటింది. హరిత సందులోంచి చూస్తూ నిలబడింది. ముసలామె గొడుగును తన మీద పట్టుకోలేదు. చెయ్యి బాగా చాచి పక్కకు, ఎత్తుగా పట్టుకుంది. వాన ఆమె నెత్తిన పడుతోంది. ఆటో దగ్గర ఆగింది. ముందు ఎవరో ఎక్కేదాకా ఆగినట్టు ఆగి, తర్వాత తనెక్కి అంచున కూర్చుంది.

ముసలితనం, అనుకుంది హరిత.

వరండాలోకి రాగానే ఫోన్ మోగింది. మక్బూల్.

"వాగు పొంగింది హరితమ్మా, వ్యాను ఇటే ఇరుక్కుంది. నువ్వు తాళమేసి మెయిన్ రోడ్డు దాకా నడువు. మీ ఆయన్ని అక్కడికి రమ్మను. అవునూ, ఆ ముసలామె వచ్చిందా?"

"వచ్చింది, పోయింది."

"ఏమన్నా అడిగిందా?"

"ఏమడుగుతుంది హెడ్డుగారూ, దీపం పెట్టుకుని పోయింది," అనేసింది హరిత. ఇప్పుడు ఇదంతా ఫోన్లో చెప్పే ఓపిక లేదు.

భర్త వెంకటసాయికి ఫోన్ చేసింది. అప్పటికే బండి తీశాడట. "రోడ్డు మలుపులో ఉంటా. లోపలికి రాను, చక్రం దిగిపోద్ది. పాప అన్నం తినకుండా కూర్చుంది, త్వరగా రా."

తాళం వేసింది. రెయిన్‌కోటు బొత్తాలు పెట్టుకుంది. గేటు దాటి మట్టిరోడ్డు మీదికొచ్చింది. రెండు వైపులా పత్తిచేలు, వానకు తలలు వంచుకున్నాయి. కప్పలు అరుస్తున్నాయి. పడమట ఇంకా కాస్త వెలుగుంది. బురద తప్పించుకుంటూ, పాపకు ఏం చెప్పాలో అనుకుంటూ నడిచింది.

కొవ్వొత్తి మైనం వాసన ముక్కుకు తగిలింది.

గూటిలో కొవ్వొత్తి సగానికి కరిగి ఉంది. హరిత పారా గదిలో నిలబడి ఉంది. గడ్డం ఎత్తి, సందులోంచి రోడ్డు వంక చూస్తూ.

కొవ్వొత్తి ఆర్పడానికి వెనక్కి వచ్చానేమో అనుకుంది. అలసట. పొద్దున పరేడ్‌లో ఎండ, సాయంత్రం వాన. కొవ్వొత్తి ఆర్పేసి మళ్ళీ బయల్దేరింది. ఈసారి ఆలోచనలు పెట్టుకోలేదు. కాళ్ళనే చూసుకుంటూ నడిచింది. బూటు బురదలో దిగడం, లేవడం. దిగడం, లేవడం. పత్తిచేను అయిపోయి కంది చేను వచ్చింది. ఇంకాస్త దూరంలో మలుపు. అక్కడ బండి లైటు కనిపిస్తోంది. సాయిదే. చెయ్యి ఎత్తి ఊపింది.

చెయ్యి రాతికి కొట్టుకుంది.

వేళ్ళ కణుపులు గీరుకుపోయాయి. భుజాలకు రెండు వైపులా చల్లటి గోడలు. సందులోంచి అదే రోడ్డు. దూరంగా, చాలా దూరంగా, అదే బండి లైటు.

హరిత అప్పుడు భయపడింది. అయితే భయపడి ఊరుకునే మనిషి కాదు. మూడోసారి గేటు దాటి, ఫోన్ చెవిన పెట్టుకుని, గట్టిగా మాట్లాడుతూ నడిచింది.

"ఎక్కడున్నావే?" అన్నాడు సాయి.

"వస్తున్నా. నువ్వు మాట్లాడతానే ఉండు. ఆపొద్దు."

"ఏందీ, గొంతు అట్లుంది?"

"మాట్లాడు. పాప గురించి చెప్పు. ఏం చేస్తా ఉంది?"

"బొమ్మల్ని వరసగా నిలబెట్టి..."

గొంతు తెగిపోయింది. ఫోన్లో సిగ్నల్ లేదు.

తడి గోనెల వాసన.

ఇక వెలుగు లేదు. గేటు కూడా కనిపించడం లేదు. వెనక్కి తిరగాలని చూసింది. భుజాలు తిరగలేదు. గది ఇరుకైందా... తనే బిగుసుకుపోయిందా. కాళ్ళు ఎత్తబోతే లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. అవి అక్కడ ఉండటానికే ఉన్నట్టు ఉన్నాయి, అంతే.

రేపు ఇక్కడికి ఎవరూ రారు. ఎల్లుండి కూడా. కరెంటు తీగలు కూడా తెంపుకుపోయారు. మాట చెప్పేవాళ్ళు లేకుండా ఆ కుర్రాడు ఎన్నాళ్ళు నిలబడ్డాడో... తనకు ఆ తల్లిలా ఏటా వచ్చే మనిషైనా ఉంటారా. పాప అన్నం తినకుండా కూర్చుంది.

ఒక్కటే తోచింది. పారాలో ఉన్నవాళ్ళు చీకట్లో వేసే కేక.

"పారా... హుషార్..."

కప్పలు ఆగిపోయాయి.

వాన చప్పుడు కూడా దూరంగా జరిగింది. గది వెనక, బురదలో, బూట్ల చప్పుడు. తొందర లేని నడక. గోడ చుట్టూ తిరిగి సందు ముందుకొచ్చి ఆగింది. చామంతి దండ కొద్దిగా కదిలింది. మనిషి కనిపించలేదు. చీకట్లో చీకటి.

"కొత్తగా వచ్చావామ్మా?"

గుసగుసలాంటి గొంతు. మర్యాదైన గొంతు.

హరిత సందు అంచు పట్టుకుంది. "అన్నా... యేసుపాదం అన్నా. తెలియక అన్నాను. మీ అమ్మగారు అడిగితే..."

చామంతి దండ మళ్ళీ కదిలింది. వింటున్నట్టుంది.

"నన్ను దించు అన్నా. ఇంటికి పోవాలి."

"ఇంట్లో ఎవరున్నారు?"

"పాప ఉంది. చిన్నపిల్ల."

"పేరు?"

చెప్పింది.

"మంచి పేరు. నీకోసం ఎదురుచూస్తా ఉందా?"

"నేను పోయేదాకా తినదు, పడుకోదు."

"అట్టాంటోళ్ళు తక్కువ," అంది గొంతు మెల్లగా. "నువ్వెళ్ళమ్మా. పారా ఖాళీగా ఉండదులే."

కాళ్ళు ఒక్కసారిగా తేలికయ్యాయి. హరిత ఎట్లా తిరిగిందో, ఎట్లా బయటపడిందో తెలియదు. పరిగెత్తింది. పత్తిచేను. కంది చేను. మలుపు. బండి లైటు నిజంగా మొహం మీద పడింది. సాయి చొక్కా పట్టుకుంది. చొక్కా చొక్కాలాగే ఉంది, రాయి కాలేదు.

"ఏందే, దెయ్యాన్ని చూసినట్టు," అన్నాడు సాయి.

"పోనియ్ ముందు."

ఇంటికి పోయేసరికి భవిత మెలకువగానే ఉంది. అలిగింది, తర్వాత తినింది, తల్లి మెడ పట్టుకుని పడుకుంది. హరితకు నిద్ర రాలేదు. చనిపోయి కూడా మాట నిలబెట్టుకునే మనిషి. తల్లి దగ్గరికి చేరినవాడు, తనకోసం మళ్ళీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. పొద్దున పరేడ్‌లో తను పెట్టిన పూలు ఏ మూలకు సరిపోతాయి.

తెల్లారాక స్కూటీ తీసుకుని మణెమ్మ ఊరికి పోయింది. కోపం కూడా ఉంది, కాదనలేం. నాలుగు మాటలు అడగాలి. ఆ తర్వాత జరిగింది చెప్పాలి. నీ కొడుకు ఎట్లాంటివాడో నాకు తెలిసిందని చెప్పాలి. దుర్గిలో రాళ్ళు చెక్కేవాళ్ళ ఉలి చప్పుళ్ళు దాటి, పొలాల మధ్య రెండు గదుల ఇల్లు. మణెమ్మ వరండాలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. రాత్రికి రాత్రి వయసు తగ్గినట్టుంది. పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది.

"పెద్దమ్మా," అంది హరిత గట్టిగానే.

మణెమ్మ వేలు పెదాల మీద పెట్టుకుంది. "మెల్లగా మాట్లాడు తల్లీ. ఇప్పుడే కన్నంటుకుంది వాడికి."

లోపలి గది తలుపు ఓరగా ఉంది. లోపల చీకటి. ఆ చీకట్లోంచి గురక. బాగా అలసిన మగవాడి గురక. నులకమంచం మీద మనిషి ఒత్తిగిలిన చప్పుడు.

హరిత వరండా స్తంభం పట్టుకుంది.

"వచ్చేశాడా... నన్ను దింపినాక మళ్ళీ వచ్చేశాడా?"

"యాడికి పోయాడని రావటానికి? నిన్న ఆటో దిగింది మొదలు గడప దాటలా. అన్నం తిని పడుకున్నోడు పడుకున్నట్టే ఉన్నాడు." వెల్లుల్లి ఒలుస్తున్న చేతులు ఆగాయి. మణెమ్మ తల ఎత్తి, హరితను అప్పుడే చూస్తున్నట్టు చూసింది. "అవునూ, నువ్వెట్టా వచ్చావు? నిన్నెవరు దింపారు?"

ఫోన్ మోగింది. సాయి.

"హరితా, పాప గేటు దగ్గర నిలబడింది. పాలు తాగను రమ్మంటే రావట్లేదు. ఎత్తుకుందామంటే... లేవట్లేదే. నేనూ అమ్మా ఇద్దరం పట్టుకుని లాగినా లేవట్లేదు. గుప్పెడంత పిల్ల."

"ఏమంటోంది? భవితా... ఫోన్ దానికియ్యి. ఏమంటోంది అది?"

"ఏమీ అనట్లేదు. రోడ్డు వంక చూస్తా ఉంది."

పారా ఖాళీగా ఉండదన్న మాట అప్పుడు అర్థమైంది. హరిత గొంతు తనకు తెలియకుండానే లేచింది. లోపలి గదిలో గురక ఆగింది. మంచం కిర్రుమంది. కాళ్ళు కింద పెట్టిన చప్పుడు.

"అమ్మా," అంది నిద్రమత్తు గొంతు. నిన్నటి గొంతు కాదు. హరిత ఎన్నడూ వినని గొంతు. "టైమెంతయింది? ఎవరో పిలుస్తున్నట్టుంది."

"ఎవరూ లేరు నాయనా. పడుకో."

మణెమ్మ లేచింది. ఆమె మొహంలో కోపం లేదు, జాలి లేదు. లోపలి తలుపు దగ్గరికి లాగి, బయట గొళ్ళెం పెట్టి, దానికి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. ఒళ్ళో వెల్లుల్లి పళ్ళెం పెట్టుకుంది.

"పెద్దమ్మా, తలుపు తియ్యి. ఆయన్ని వచ్చి ఆ మాట అనమని అడగనియ్యి. నా బిడ్డ..."

"నాకూ బిడ్డే," అంది మణెమ్మ.

లోపలినుంచి తలుపు మీద తట్టిన చప్పుడు. గట్టిగా కాదు. ఆఫీసరు గది ముందు నిలబడి పర్మిషన్ అడిగినట్టు, మెల్లగా, ఆగి ఆగి. మణెమ్మ కదల్లేదు. హరిత ఫోన్ చెవి నుంచి తీయలేదు.

అవతల, మాచర్లలో, ఇంటి గేటు ఇనప రేకు మీద కూడా ఎవరో మెల్లగా తట్టారు.

"ఎవరది?" అంటున్నాడు సాయి. "బయట ఎవరూ లేరు గదా..."